మారుపేరు ఫైలు, ఒక ఆదివారం ప్రసంగం

నేను బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా కలిపి బాయిలోకి నాలుగైదుసార్లకు మించి దిగలేదు. బెల్లంపల్లిలో ఈ మాట చెప్పుకోవడం కొంచెం సిగ్గే. మా వాడలో అందరూ కింద చెమటోడ్చినవాళ్లు. నేను పైన ఫ్యాను కింద కూర్చుని వాళ్ల పేర్లు రాసినవాణ్ని. ఆదివారం మాత్రం వాళ్లు చాపల మీద కూర్చునేవాళ్లు, నేను నిలబడి వాక్యం చెప్పేవాణ్ని. సంఘంలో నేనొక పెద్దను. పాస్టరుగారు వేరే ఊరికి పోయిన వారం ప్రసంగం నాదే.

ఈ రెండు పనులూ ఒకదానికొకటి తగలవని చాలా ఏళ్లు అనుకున్నాను. తగిలిన ఒక వారం గురించి రాస్తున్నాను. మన సంఘం పిల్లలు కొందరు కొత్తగా ఆఫీసుల్లో చేరి, నా దగ్గరికి వచ్చి, మనస్సాక్షి ప్రకారం ఉద్యోగం చెయ్యడం ఎట్లా అని అడుగుతుంటారు. వాళ్లకు నేనిచ్చే జవాబులు ఈ మధ్య నాకే రుచించడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. పేర్లు మాత్రం రాయను. ఒకప్పుడు రాసినవి చాలు.

ముందు మారుపేరు అంటే ఏమిటో చెప్పాలి. వెనకటి రోజుల్లో బాయి పనికి పిలుపు కార్డు ఒకరి పేరున వచ్చేది. ఆ మనిషి ఒక్కరోజు దిగి, ఆ చీకటీ ఆ ఉక్కా చూసి, చచ్చినా మళ్లీ పోనని ఇంట్లో కూర్చునేవాడు. చేతికొచ్చిన కార్డును పోగొట్టుకోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టముండేది కాదు. తమ్ముడో బావమరిదో అదే కార్డు పట్టుకుని, అదే పేరు చెప్పి దిగేవాడు. బాయికి మనుషులు కావాలి, మనుషులకు పని కావాలి. ఎవరూ అడగలేదు. అట్లా ఒకరోజు పలికిన పేరు ముప్పయ్యేళ్లు నడిచేది. మనిషి ఆరోగ్యం చెడి, తన ఉద్యోగం బిడ్డకు ఇయ్యమని అడిగే రోజున ఆ పేరు అడ్డం పడేది.

మా టింబర్‌మన్ సంగతి అదే. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాణ్ని టింబర్‌మన్ అంటారు. మందిరంలో కూడా ఏ కర్ర కనబడినా వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. తక్కువ మాట్లాడేవాడు. వాక్యం తన కళ్లతో తానే చదువుకోవాలని నలభై దాటాక మా సంఘం తరగతిలో పలక పట్టాడు. అక్షరాలు నేర్పింది నేనే. నాకంటే పెద్దవాడని అన్నా అని పిలిచేవాణ్ని.

దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. డాక్టర్ల బోర్డు పనికి పనికిరాడని తేల్చింది. అట్లా తేలిన కార్మికుడి సంతానంలో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఆయనకు ఒక్కతే బిడ్డ. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే ఇద్దరు పిల్లలతో తిరిగి వచ్చింది. పదో తరగతి పాసైంది. బాయిపైన ఆఫీసులోనో ఆసుపత్రిలోనో పని దొరుకుతుందని దరఖాస్తు పెట్టారు. అన్నీ సరిపోయి, ఉత్తర్వు రావడమే తరువాయి అనుకుంటున్నప్పుడు ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఈ పేరుగల మనిషి వేరు, ఇన్నేళ్లు పనిచేసిన మనిషి వేరు అని రెండే వాక్యాలు.

విచారణ వెల్ఫేర్ ఆఫీసరుకు అప్పజెప్పారు. వాంగ్మూలాలు రాయడం, రిపోర్టు తయారుచేయడం నా పని.

ఇద్దరం జీపులో ఆయన పుట్టిన ఊరికి పోయాం. లక్షెట్టిపేట దాటి లోపలికి, పత్తిచేన్ల మధ్య ఊరు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. మేము వస్తున్న కబురు మాకంటే ముందే చేరిందన్నమాట. టింబర్‌మన్ తోడబుట్టినవాడు వచ్చి నిలబడ్డాడు. తల ముగ్గుబుట్టలా ఉంది.

"నువ్వు తమ్ముడివా?" అని ఆఫీసరు అడిగాడు.

"తమ్మున్నే సార్."

"మీ అన్నకు జుట్టింకా నల్లగానే ఉందే."

"ఎండల ఉన్నోనికి నెత్తి తెల్లవడ్తది సార్. బొగ్గుల ఉన్నోనికి ఎట్ల తెల్లవడ్తది?"

ఊరంతా నవ్వింది. ఆఫీసరూ నవ్వాడు. ఒక ముసలవ్వ ముందుకొచ్చి, "ఇద్దరి బొడ్లు గోసింది నేనే బిడ్డా. బాయికి వోయినోడు పెద్దోడు, గీడు చిన్నోడు. రాసుకో" అంది. ఆమె గొంతులో ఒక్క చిన్న వణుకు లేదు. రేషను కార్డు, ఓటరు జాబితా, అన్నీ అదే మాట చెప్పాయి. అన్నదమ్ములు పేర్లే కాదు, వయసులు కూడా మార్చుకుని బతికారు. ఊరు ఆ అబద్ధాన్ని తన బిడ్డలా పెంచింది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. అసూయ కలిగింది. ఒక మనిషిని కాపాడటానికి వాళ్లకు రెండో ఆలోచన లేదు.

నాకుంది. ఎందుకంటే ఒక్క పుస్తకం ఊరి చేతికి అందకుండా మిగిలింది. అది మా మందిరం బీరువాలో, నా తాళంచెవి కింద ఉంది.

ఎన్నో ఏళ్ల కిందట ఆయన బాప్తిస్మం తీసుకున్న రోజున రిజిస్టరు రాసింది నేనే. పాత పేరు అనే గడిలో ఆఫీసు పేరు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "దేవుని కాడ గది వద్దు సార్. మా అవ్వ వెట్టింది రాయున్రి" అని ఇంకో పేరు చెప్పాడు. పుట్టిన ఏడు కూడా వేరే చెప్పాడు. రాశాను. పుస్తకం మూశాను. ఎందుకని అడగలేదు. ఆ ఏడు లెక్కన ఆయన నాకంటే చిన్నవాడు. అయినా మర్నాటి నుంచి మళ్లీ అన్నా అనే పిలిచాను. తెలిసి కూడా తెలియనట్టు ఉండటం నాకు ఆరోజే అలవాటైంది.

ఇక టింబర్‌మన్ వాంగ్మూలం తీసుకుని రిపోర్టు రాయాలి. మేము సేకరించిన ప్రతి కాగితం ఆయన పక్షానే ఉంది. ఉత్తరం అబద్ధమని ఒక్క వాక్యం రాస్తే ఆ పిల్లకు ఉద్యోగం వస్తుంది. ఆ వాక్యం తప్పని ఆఫీసు మొత్తంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మా పెద్ద గుమాస్తాకు చెప్పుకున్నాను. ఐదుపూటలా నమాజు చేసే ముస్లిం ఆయన. పెన్ను మూత పెడుతూ విన్నాడు.

"భాయ్, మీ చర్చిల పుస్తకం తెమ్మని నిన్ను ఎవ్వడన్న అడిగిండా?"

"లేదు."

"మరి ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

"తెలిసి తెలియదని రాస్తే అబద్ధమే కదా."

"అబద్ధమే. నేను కాదంటున్ననా? గా అబద్ధం నీ నెత్తిన వెట్టుకో. ఖుదా అడిగిన దినం నువ్వు జవాబిచ్చుకో. నీ జవాబు గా ఆడపిల్లతోని ఎందుకు ఇప్పిస్తవ్?"

నాకా మాట నచ్చలేదు. ప్రసంగం చెప్పేవాడికి పక్క కుర్చీలోంచి ప్రసంగం వినడం కష్టం.

ఆ ఆదివారం పాస్టరుగారు లేరు. వాక్యం నేనే చెప్పాలి. ఏ భాగం తీసుకోవాలన్నది నా ఇష్టం. చూపు పోయిన తండ్రి దగ్గరికి, అన్న బట్టలు తొడుక్కుని, అన్న పేరు చెప్పుకుని పోయి దీవెన పట్టుకొచ్చిన తమ్ముడి కథ తీసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఏటి ఒడ్డున ఒక్కడే ఉన్నప్పుడు, దేవదూత అతన్ని పట్టుకుని నీ పేరేమిటని అడిగిన ఘట్టం దాకా నడిపించాను. అసలు పేరు చెప్పాకే అతనికి నిజమైన దీవెన దొరికింది అన్నాను. ఇంకొకరి పేరు కింద దాక్కున్నవాణ్ని దేవుడు ఏ పేరుతో పిలవాలి అని కూడా అడిగాను. గొంతు పెంచాను. నాలుగో వరుసలో ఆయన తల దించుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎవరినీ అననట్టే ఉండి ఒక్కరినే అనడం మా ప్రసంగీకులకు తెలిసిన విద్య. తాగేవాడు వచ్చిన రోజు తాగుడు మీద, కోడలితో పడని అత్త వచ్చిన రోజు ఓర్పు మీద చెబుతాం. పరిశుద్ధాత్మ నడిపించాడంటాం. ఆరోజు నన్ను నడిపించింది భయం. నిజం బయటికి రావాలి, నా చేతి మీదుగా మాత్రం రావొద్దు. నాకు కావలసింది అంతే.

ప్రసంగం తర్వాత సాక్ష్యాలు చెప్పే సమయం ఇస్తాం. జ్వరం తగ్గిందని, పరీక్ష పాసైందని లేచి చెబుతారు. ఆరోజు ఇద్దరు చెప్పాక ఆయన లేచాడు. కాసేపు దగ్గి ఊపిరి కూడదీసుకున్నాడు.

"అందరికి వందనాలు. నేను బాయిల చెప్పే పేరు మా అన్నది. నాది కాదు. మా అన్న ఒక్కదినం దిగి జడుసుకున్నడు. మా అవ్వ కార్డు తెచ్చి నా చేతుల వెట్టింది. ముప్పై రెండేండ్లు గా పేరు మీదనే హాజరు పలికిన. ఇయ్యాల వాక్యం నన్ను ముట్టింది. నా కోసం ప్రార్థన చెయ్యున్రి."

సాక్ష్యం అయిపోగానే అందరూ స్తోత్రం అంటారు. ఆరోజు ఒక్క నోరూ లేవలేదు. అక్కడున్న వాళ్లలో సగం మంది బాయి మనుషులు. విచారణ సంగతి అందరికీ తెలుసు. కాసేపటికి ఒకామె పాట అందుకుంది, ఎవరికీ అందని శ్రుతిలో. ఆడవాళ్ల వైపు నుంచి ఆయన బిడ్డ లేచి, చెంగు తల మీదికి లాక్కుని బయటికి నడిచింది.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చిన్నప్పటి నుంచి పెద్దబాపు అని పిలుస్తుంది.

"పెద్దబాపు, మా ఇల్లు మీకు ఎర్కలేదా?"

"తెలుసమ్మా."

"మీ ఇంటికి మూడు గల్లీలు. ఇంటికచ్చి చెప్పకపోతిరి. మైకుల చెప్తిరి."

నా జవాబు కోసం ఆగకుండా పిల్లల్ని తీసుకుని కదిలింది.

పాస్టరుగారు ఫోను చేశారు. అప్పటికే ఆయనకు సంగతి చేరింది. "మందిరంలో చెప్పింది మందిరంలోనే ఉంటుంది. మనవాళ్లెవరూ బయట నోరు విప్పరు. మీరు నిబ్బరంగా ఉండండి" అన్నారు. అంటే ఇప్పుడు సంఘం కూడా ఆ ఊరితో కలిసింది. నేనొక్కణ్నే ఎటూ కాకుండా మిగిలాను.

సోమవారం ఫైలు ఎన్నిసార్లు తెరిచానో, ఎన్నిసార్లు మూశానో తెలియదు. టీ బంకుకు మూడుసార్లు పోయి, మూడుసార్లూ తాగకుండానే వచ్చాను. ఆ పిల్ల మాట చెవిలోంచి పోలేదు. సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చాను. మంగళవారం టింబర్‌మన్ వాంగ్మూలం ఉంది. ఆయన ఏం చెప్పినా సరే, ఆఫీసు పేరే రాస్తాను. ఉద్యోగం ఇప్పిస్తాను. దాన్ని దయ అనుకున్నాను. చేసిన తప్పును ఇంకో తప్పుతో తుడవడమని ఇప్పుడు అంటాను.

మంగళవారం ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసరు పేరు అడిగాడు. ఆదివారం చెప్పిందే, అంతే నెమ్మదిగా చెప్పాడు. ఒక్క మాట తక్కువ చెయ్యలేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మంచివాడు. బదిలీ దగ్గర పడిందని ఎవరి ఉసురూ పోసుకోకుండా పోవాలని చూస్తున్నాడు. "నేను కాగితం మీద ఉన్నదాన్నే చూస్తాను. మీరు రాయండి" అని కిటికీ వైపు తిరిగాడు.

ఆయన నాకు తలుపు తెరిచిపెట్టాడని అర్థమైంది. రాశాను. ఆఫీసు పేరు, ఆఫీసు వయసు, ఉత్తరంలోని ఆరోపణ నిరాధారమని టింబర్‌మనే చెప్పినట్టు రాశాను. రాసిన వాంగ్మూలం ఇచ్చినవాడికి చదివి వినిపించాలి. వినిపించలేదు. కాగితం ఆయన ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టన్నా" అన్నాను.

ఆయన జేబులోంచి అద్దాలు తీశాడు. మొదటి అక్షరం కింద వేలు పెట్టాడు. తరగతిలో నేర్పినట్టే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ బయటికే చదివాడు. పేరు దగ్గర వేలు ఆగింది.

"సార్, గిది నేను చెప్పలే."

"పెట్టన్నా. నీ మంచికే."

"ఆయితారం నాడు చెప్పింది నా మంచికే గద. మంగళారం గిది నా మంచికే అంటున్నరు. రెండిట్ల ఏది నా మంచి?"

ఆఫీసరు కిటికీ నుంచి ఇటు తిరిగాడు.

"బిడ్డ సంగతి ఆలోచించు" అన్నాను.

"రెండు దినాల సంది గదే ఆలోచన. బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు. కండ్ల నీళ్లు వెట్టుకుంట అన్నం వెడ్తుంది. అయినా గని సార్, అందరి ముందట ఇడిసిన అంగి మళ్ల ఎట్ల తొడుక్కోవాలె?" కాగితం నా వైపు తోశాడు. "నేను చెప్పింది చెప్పినట్టు రాయున్రి."

చింపాను. రెండో కాగితం తీసి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, ఈసారి చదివి వినిపించాను. తన అసలు పేరుతో సంతకం మొదలుపెట్టాడు. ఆ పేరును ఆయన ఎప్పుడూ ఎక్కడా సంతకంగా పెట్టలేదు. రెండో అక్షరం దగ్గర ఆగి, గుర్తు చేసుకుని, పూర్తి చేశాడు.

ఆయన వెళ్లాక ఆఫీసరు ఆదివారం ఏం జరిగిందని అడిగాడు, చెప్పాను. తర్వాత నా వైపు చూసి, "గుమాస్తాగారూ, నిజం మీద మీకంత పట్టుదల ఉంటే ఇవ్వాళ చూపించాల్సింది. ఆయన మీద అంత జాలి ఉంటే ఆదివారం చూపించాల్సింది. మీరు వారాలు తారుమారు చేసుకున్నారు" అన్నాడు. నేను ఉద్యోగంలో విన్న మాటలన్నింటిలో నిజమైనది అదే. ఏ మెమోలోనూ అంత సూటిగా రాయలేదు.

మెమో కూడా వచ్చింది. బాప్తిస్మం రిజిస్టరు నకలు ఫైలుకు జతచేసి, ఈ సంగతి నాకు ముందే తెలుసని రాసి సంతకం పెట్టాను. ముప్పై రెండేళ్లు బాయి దిగింది, దుమ్ము పీల్చింది ఈ మనిషి శరీరమే కాబట్టి ఆయనకు రావలసినవి ఆపవద్దని కింద ఒక వాక్యం చేర్చాను. నాకు మందలింపు ఇచ్చారు. ఆయనకు రావలసినవి కొన్ని నెలలు ఆగి వచ్చాయి. బిడ్డకు ఉద్యోగం రాలేదు. వారసత్వం అడిగే పేరే ఆయనది కానప్పుడు ఆమె ఎవరికి వారసురాలవుతుందని ఉత్తర్వులో ప్రశ్నించారు. వాళ్ల నిబంధన ప్రకారం అది తప్పు కాదు.

చరిత్రలోనూ పురాణాల్లోనూ రాజు ముందు నిలబడి నిజం చెప్పినవాళ్ల గురించి మనం పిల్లలకు చెబుతాం. లేఖనంలోనూ అట్లాంటివాళ్లు ఉన్నారు. ముగ్గురిని అగ్నిగుండంలోకి తోశారు, ఒకరిని సింహాల గుహలోకి. నేను వాళ్ల మీద ఎన్ని ప్రసంగాలు చేశానో. వాళ్లు పందెం పెట్టింది తమ తలను. నేను పందెం పెట్టింది మూడు గల్లీల అవతల ఉన్న ఒక పిల్ల కంచాన్ని. ఆ తేడా ప్రసంగంలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. టింబర్‌మన్ మాత్రం వేరు. పోయేది తన ఇంటిదే అని తెలిసే చెప్పాడు. అయినా ఆయన చేసింది కూడా సరేనని నేను పూర్తిగా అనలేను. ఆ కంచం ఆయనది కూడా కాదు, బిడ్డది. ఇదంతా ఎన్నిసార్లు తూచి చూసినా త్రాసులో ఒక పక్క ఎప్పుడూ తేలిపోతుంది.

మా సంఘంలో మారుపేరు మీద పనిచేసేవాళ్లు ఇంకొందరు ఉండేవాళ్లు. నా ప్రసంగం ఉన్న ఆదివారాల్లో వాళ్లకు చాలాకాలం పాటు ఏదో ఒక పని పడేది. నన్ను ప్రసంగాల జాబితాలోంచి తీసెయ్యమని పెద్దల్ని అడిగాను. వేరే మనిషి లేడు, చెప్పక తప్పదన్నారు. ఇప్పటికీ చెబుతున్నాను. పెద్ద గుమాస్తా రిటైరయ్యే రోజున నన్ను కౌగిలించుకుని, "నా మాట విననందుకు మాఫ్ చేస్తున్న పో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ అమ్మాయి పిల్లల్ని తీసుకుని భైంసా పోయింది. అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో పని. టింబర్‌మన్ క్వార్టరు ఖాళీ చేసి, భార్యతో ఒక అద్దెగదిలో ఉంటున్నాడు. మందిరానికి ప్రతి వారం వస్తాడు. నేను చెప్పే వారమైనా వస్తాడు. చెప్పేటప్పుడు నేను ఆ వైపు చూడను.

మొన్న చలికాలంలో ఆయనకు ఆయాసం ఎక్కువైందని తెలిసి ఇంటికి పోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య టీ ఇచ్చి బయటికి పోయింది. ఏం మాట్లాడాలో తోచక, "నిద్ర పడుతోందా అన్నా?" అని అడిగాను.

"నాకు పడ్తది సార్. పండుకుంటే మళ్ల తెల్లారినంకనే లేచుడు. గా దినం సంది గట్లనే." కొంచెం దగ్గాడు. "బిడ్డకే పడ్తలేదట. ఫోన్ల చెప్పింది. మిల్లు చప్పుడుకు కాదట, ఊకె గిదే యాదికొస్తదట."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మీ సంగతేంది సార్?" అని అడిగాడు. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ప్రార్థన చేసుకుందామా అన్నా" అన్నాను.

"చేసుకుందాం," అన్నాడు. "ముందుగాల అడిగినదానికి చెప్పున్రి."